పాసంగం

తలుపు మీద అట్టముక్క:
"చూడాలంటే ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి."
చేశాను.
"పావుగంట ఆగు, పొయ్యి మీద జామ్ ఉంది" అందో గొంతు.

వెస్లిన్, నెబ్రాస్కా. జనాభా రెండు వందల పన్నెండు.
ఊరంతటికీ నీడ ఒక్కటే, ధాన్యం ఎలివేటరుది.
పొద్దున్నించీ దాని కాటానే పరీక్షించాను.
నా ఉద్యోగం అదే:
అనుమానించమని ప్రభుత్వం జీతమిస్తుంది.
పని తొందరగా తెమిలిన రోజున
ఇలాంటి ఊళ్ళ మ్యూజియంలు వెతుక్కుంటాను.

బ్లాంచ్ హవ్రానెక్ వచ్చింది. ఎనభై మూడేళ్ళు.
వేళ్ళకి ప్లమ్ పళ్ళ ఎరుపు ఇంకా వదల్లేదు.
గుత్తిలో ఏ చెవి ఏ తాళానిదో
పెదాలతో లెక్కపెట్టుకుంటూ తెరిచింది.

ఒకప్పటి బ్యాంకు ఇది.
డబ్బు దాచిన గదిలో ఇప్పుడు ముళ్ళకంచె తీగలు,
నలభై రకాలు, ఒక్కోటి జానెడు, చెక్కకి కొట్టి.
ఏ రెండు ముళ్ళూ ఒకలా లేవు.
మట్టిగడ్డలతో కట్టిన ఇంటి ఫొటో:
గుమ్మం ముందు ఆవిడ, పక్కనే కుట్టుమిషను.
లోపల్నించి మోసుకొచ్చి ఎండలో పెట్టారు,
పరువు ఫొటోలో పడాలి కదా.
పోయినవాళ్ళ జుట్టుతో అల్లిన పూలచట్రం.
"ఆ గోధుమరంగు పువ్వు మా మేనత్త" అంది బ్లాంచ్,
దుమ్ము ఊదుతూ.

గాజుపెట్టెలో రాతి బాణపు మొనలు
సూర్యుడి బొమ్మలా పేర్చారు.
విరాళం: డెల్మర్ ఓస్కిన్, ఉత్తరపు చేను.
దొరికినవాడి పేరుంది.
చెక్కినవాళ్ళ పేరు లేదు.

చివర్న, కిటికీ దగ్గర, త్రాసు.
పోత ఇనుము, ఇత్తడి దూలం, బస్తా పట్టే పీట.
పైన ఎజ్రా టాల్బట్ గారి పటం, గడ్డం, గొలుసు గడియారం.
కింద చీటీ: "నలభై ఏళ్ళు ఈ ఊరికి న్యాయం తూచింది."

"నువ్వు తూనికల మనిషివి కదూ"
బ్లాంచ్ నా చొక్కా మీది ముద్ర చూస్తోంది.
"రాళ్ళు బండిలో ఉన్నాయా?"

ఉన్నాయి. ఎప్పుడూ ఉంటాయి.
చేతితొడుగులు వేసుకుని ఏభై పౌన్ల రాయి తెచ్చాను.
వేలి చెమట కూడా బరువే, మా లెక్కలో.
పీట మీద పెట్టాను.
దూలం ఊగింది, ఊగింది,
నలభై ఎనిమిదిన్నర దగ్గర నిలబడింది.
మళ్ళీ తీసి మళ్ళీ పెట్టాను.
మళ్ళీ నలభై ఎనిమిదిన్నర.

"ఇప్పటి మాట ఇది" అన్నాను.
"అంచులు అరిగాయి, తుప్పు పట్టింది,
అప్పట్లో ఎలా తూచిందో చెప్పలేను."

ఆవిడ చాలాసేపు దూలం కేసే చూసింది.
"తుప్పుకి కూడా పక్షపాతం ఉంటుందా?
కొనేవాడి వైపే ఒరుగుతుందా?
మా నాన్న ఇంట్లో బకెట్లతో కొలిచి
బస్తా బస్తాకీ గోడ మీద గీత గీసేవాడు.
వెర్రి హవ్రానెక్ అన్నారు. నేనూ నవ్వాను,
పదేళ్ళప్పుడు."

పాసంగం. మా అమ్మమ్మ మాట.
పళ్ళాలు రెండూ సమం కావాలని
తేలిక పళ్ళానికి కట్టే చిన్న రాయి.
ఇక్కడ ఏ రాయి కట్టాలో, ఎటు కట్టాలో.

"నీ దగ్గర ఎర్ర చీటీలుంటాయట?"
అధికారికంగా ఇవ్వకూడదు.
ఇచ్చాను, ఖాళీది.
త్రాసుకి కట్టలేదు ఆవిడ.
స్వెట్టరు జేబులో మడిచి పెట్టుకుంది.
"గురువారం కమిటీ మీటింగు.
టాల్బట్ మనవడే అధ్యక్షుడు.
కాఫీ మాత్రం బాగా పెడతాడు."

వెళ్తూ గాజుపెట్టె దగ్గర మళ్ళీ ఆగాను.
ఆ మొనల్ని తూచే రాళ్ళు
నా బండిలో లేవు.

సందర్శకుల పుస్తకంలో నా పైన సంతకానికి
ఇరవై మూడు రోజుల వయసు.
ఊరి పేరు గడిలో ఏం రాయాలో తోచక
"దారిలో" అని రాశాను.
బ్లాంచ్ ఒక జామ్ సీసా ఇచ్చింది, ఇంకా వెచ్చగా ఉంది.
మూత మీద పెన్సిలుతో: ఒక పౌను.

తూచలేదు.
ఎలివేటరు అద్దంలో పదకొండు మైళ్ళు వెంటవచ్చింది.